కార్యాలయంలో చక్రం తిప్పేవారు

హోదా ఇవ్వని పలుకుబడిని ఉద్యోగి వేరే దారుల్లో సంపాదించుకోవడమే కార్యాలయ రాజకీయం. పై అధికారి తనకున్న అధికారంతో ఉత్తర్వు ఇస్తే అది పరిపాలన. పనితనం చూసి నలుగురూ ఒకరి మాటకు విలువ ఇస్తే అది గౌరవం. ఆ రెండూ లేనిచోట, లేదా ఉన్నా చాలనిచోట ఈ మూడోది మొదలవుతుంది. సమాచారాన్ని దగ్గర పెట్టుకుని కొద్దికొద్దిగా వదలడం, పెద్దల చెవి దగ్గర చోటు సంపాదించడం, కావలసినవాళ్లను కీలకమైన సీట్లలో కూర్చోబెట్టడం, గిట్టనివాడి ఫైలుకు కొర్రీ వేయించడం, అందరూ కష్టపడిన పనికి చివర్లో వచ్చి పేరు కొట్టేయడం, ఇవన్నీ దీని కిందికే వస్తాయి. వీటిలో కొన్ని తప్పులు, కొన్ని నేరాలకు దగ్గరగా వెళ్లేవి, కొన్ని మాత్రం ఏ నిబంధననూ మీరనివి.

ఇదంతా మనుషుల బుద్ధి వంకరవల్ల వస్తుందని ఉద్యోగులు సాధారణంగా అనుకుంటారు. ‘ఆయన తత్వమే అంత’ అనేస్తే మాట్లాడటానికి ఇంకేమీ ఉండదు. అయితే అదే మనిషిని పేషీనుంచి రికార్డు గదికి మార్చి చూస్తే ఆరు నెలల్లో ఆయన చుట్టూ మూగేవారు ఉండరు. ఆయన ఖాళీ చేసిన కుర్చీలో నిన్నటిదాకా నోరు లేదనిపించుకున్న మనిషి కూర్చుంటే, ఆయన ముందు జనం బారులు తీరుతారు. గుణానికి కొంత పాత్ర ఉన్నా, అసలు బలం సీటుది. నిబంధన స్పష్టంగా చెప్పని చోట, కబురు ఒక్క చేతిమీదుగా మాత్రమే దాటే చోట పలుకుబడి పోగవుతుంది. ఆ చోటును ముందుగా పసిగట్టి అక్కడికి చేరుకోగలవాడే కార్యాలయ రాజకీయంలో ఆరితేరినవాడు.

సామాజిక శాస్త్రవేత్తలు ఈ సంగతిని ఇరవయ్యో శతాబ్దం మధ్యలో పట్టించుకోవడం మొదలుపెట్టారు. 1959లో జాన్ ఫ్రెంచ్, బెర్‌ట్రమ్ రేవెన్ ఒకరి మాట మరొకరిమీద చెల్లడానికి అయిదు ఆధారాలు చెప్పారు: ఇవ్వగలగడం, శిక్షించగలగడం, హోదా, నైపుణ్యం, అభిమానం. కొన్నేళ్లకు రేవెన్ వీటికి సమాచారాన్ని కూడా చేర్చాడు. కార్యాలయాల వరకు చూస్తే ఈ ఆరోదే అన్నిటికన్నా బరువైనది. 1962లో డేవిడ్ మెకానిక్ అనే అమెరికన్ పరిశోధకుడు ప్రశ్నను తిరగేశాడు. కింది మెట్టుమీద ఉన్నవారికి పైవారిమీద పట్టు ఎలా వస్తుంది? ఆయన చూపిన ఉదాహరణలో, ప్రభుత్వ మానసిక వైద్యశాల వార్డుల్లో డాక్టర్లు తరచూ మారిపోయేవారు, అటెండర్లు ఏళ్ల తరబడి అక్కడే ఉండేవారు. ఏ రోగి ఎలాంటివాడో, ఏ కాగితం ఎక్కడుందో అటెండర్లకే తెలుసు. డాక్టరు చేయవలసిన రాతపనిలో కొంత వారు నెత్తిన వేసుకునేవారు, బదులుగా వార్డు నిర్ణయాల్లో తమ మాట నెగ్గించుకునేవారు. మాట వినని డాక్టరుకు సమాచారం అందేది కాదు. కలెక్టర్లు రెండేళ్లకొకరు మారుతూ, సెక్షన్ సూపరింటెండెంట్లు పదేళ్లు కదలకుండా ఉండే జిల్లా కార్యాలయాన్ని చూసినవారికి ఈ వార్డు కొత్తగా అనిపించదు.

ఈ విషయంలో అందరికన్నా లోతుకు వెళ్లినవాడు ఫ్రెంచి పరిశోధకుడు మిషెల్ క్రోజియే. 1963లో వెలువడిన ఆయన పుస్తకానికి ముడిసరుకు ఫ్రాన్స్ ప్రభుత్వ పొగాకు కర్మాగారాల్లో దొరికింది. అక్కడ ప్రతిదానికీ నిబంధన ఉంది. ఎవరు ఏ యంత్రం దగ్గర ఉండాలో సీనియారిటీ తేలుస్తుంది. ఎంత ఉత్పత్తి చేయాలో పైనుంచి వస్తుంది. ఫోర్‌మన్‌కు ఒకరిని మెచ్చుకుని పైకి తేగల అధికారం లేదు, దండించగల అధికారమూ లేదు. రాజకీయానికి ఇసుమంత చోటు లేనట్టు కనిపించే ఏర్పాటు అది. కానీ ఒక్క విషయం నిబంధనకు లొంగలేదు. యంత్రం ఎప్పుడు ఆగిపోతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. ఆగితే బాగుచేయగలవారు మరమ్మతు మెకానిక్కులు మాత్రమే. యంత్రం ఆగినంతసేపూ నష్టపోయేది దానిమీద పనిచేసే కార్మికురాలు. అందువల్ల హోదాలో ఫోర్‌మన్‌కంటే కిందున్న మెకానిక్కు షాపులో అసలు పెద్ద అయ్యాడు. యంత్రాలమీద పనిచేసే ఆడవాళ్లు అతనిమీద లోలోపల మండిపడేవారు, పైకి మాత్రం మంచిగా ఉండేవారు. ఫోర్‌మన్ జోక్యం చేసుకోబోతే మెకానిక్కు ఊరుకునేవాడు కాదు.

క్రోజియే గమనించిన వివరాల్లో ఒకటి మరీ ముఖ్యం. ఆ కర్మాగారాల్లో యంత్రాల నక్షాలు, మరమ్మతు సూచనల కాగితాలు కనిపించకుండా పోయాయి. ఏ యంత్రాన్ని ఎలా సర్దాలో పాత మెకానిక్కు కొత్త మెకానిక్కుకు నోటితో చెప్పి, చేత్తో చూపి నేర్పవలసిందే. కాగితం ఉంటే ఆ విద్య నలుగురి సొత్తవుతుంది, అప్పుడు మెకానిక్కు మామూలు ఉద్యోగి అయిపోతాడు. తనకు తెలిసింది రాసిపెట్టని ఉద్యోగి ప్రతి కార్యాలయంలోనూ ఉంటాడు. అతన్ని సోమరి అని తిడతారు గాని, తన సీటును కాపాడేది ఏమిటో అతనికి బాగా తెలుసు.

తెలుగు దేశంలో ఇదే కథ కరణంది. జీతం నామమాత్రం, హోదా గ్రామ స్థాయిది. పైన రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, తహసీల్దారు, డిప్యూటీ కలెక్టరు ఇలా వరుసగా అధికారులు. అయినా అడంగల్ ఎలా చదవాలో, ఏ సర్వే నంబరు ఎవరి అనుభవంలో ఉందో, శిస్తు బకాయి ఎవరిమీద పడుతుందో చెప్పగలిగినవాడు ఊళ్లో అతనొక్కడే. తెలంగాణలో పట్వారీ స్థానమూ అలాంటిదే. పై అధికారి జమాబందీకి వచ్చినా కరణం చూపిన లెక్కే చూసేవాడు, చూపని లెక్క గురించి అడగాలన్న ఆలోచన కూడా ఆయనకు వచ్చేది కాదు. వంశపారంపర్యంగా సాగడంవల్ల ఆ విద్య ఇంటి గడప దాటలేదు. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం గ్రామాధికారుల పదవులను రద్దు చేసినప్పుడు రికార్డుల అప్పగింతే పెద్ద తంటా అయింది. పదవి ఒక్క ఆర్డినెన్సుతో పోయింది గాని, దాన్ని నడిపిన విద్య పాత కరణాల దగ్గరే ఉండిపోయింది. పహాణీలో సందేహం వస్తే వాళ్ల ఇళ్లకు వెళ్లి అడగవలసి రావడం ఆ తర్వాత చాలాకాలం సాగింది.

ఇంకా వెనక్కి వెళితే గోల్కొండలో మాదన్న ఉన్నాడు. 1672లో అబుల్ హసన్ తానీషా గద్దెనెక్కడానికి తోడ్పడినవాడు సయ్యద్ ముజఫర్. ఆ బలంతో మీర్ జుమ్లా అయి, సుల్తానునే లెక్కచేయకుండా పోయాడు. ముజఫర్ కొలువులో లెక్కలు, ఉత్తరప్రత్యుత్తరాలు చూసే ఉద్యోగి మాదన్న. యజమాని ఎవరికి ఎంత ఇస్తున్నాడో, సైన్యంలో ఎవరికి అసంతృప్తి ఉందో యజమాని తర్వాత తెలిసినవాడు అతనే. సుల్తాను తరఫున ముజఫర్ అనుచరులను ఒక్కొక్కరినే విడదీశారు. చివరికి ముజఫర్ పదవి ఊడింది, కొద్దికాలానికే ఆ స్థానంలో మాదన్న కూర్చున్నాడు. అన్న అక్కన్నతో కలిసి పన్నెండేళ్లదాకా రాజ్యాన్ని నడిపాడు, 1677లో శివాజీతో కుదిరిన ఒప్పందం వెనకా ఉన్నాడు. మొగలుల ఒత్తిడి పెరిగిన తర్వాత 1686 మార్చిలో అన్నదమ్ములిద్దరినీ గోల్కొండలో చంపేశారు. మంత్రిగా మాదన్న సమర్థతను చరిత్రకారులు తక్కువ చేయరు. అయితే సమర్థత వెల్లడి కావడానికి ముందు కావలసిన మెట్టు ఎక్కడానికి అతనికి ఉపయోగపడింది యజమాని రహస్యాలు తెలిసిన గుమాస్తా సీటు.

ఇక ఇప్పటి ప్రభుత్వ కార్యాలయం. ఇక్కడ నిర్ణయం మనిషి నోట్లో కాకుండా ఫైలులో పుడుతుంది. తపాల్ సెక్షన్‌లో నంబరు పడిన కాగితం అసిస్టెంటు సీటుకు వస్తుంది. ఆయన కరెంటు ఫైలులో కాగితం పెట్టి, నోటు ఫైలులో సంగతి రాసి పుటప్ చేస్తాడు. సూపరింటెండెంటు ఒక వాక్యం చేరుస్తాడు, పైనున్నవారు సంతకం పెడతారు. చివరి సంతకం పెద్దదే. కానీ ఏ ప్రశ్నకు సంతకం పెట్టాలో నిర్ణయించింది మొదటి నోటు. పాత సందర్భంలో ఇలాంటి కోరికనే మంజూరు చేశారన్న సంగతి రాయడమా మానడమా అన్నది రాసేవాడి చేతిలో పని. రెండు మార్గాలు సూచించి అందులో ఒకటి ఎవరూ ఒప్పుకోలేనిదిగా పెడితే, పై అధికారి తానే ఎంచుకున్నాననుకుని రెండోదానికి టిక్కు పెడతాడు. అబద్ధం ఒక్కటీ రాయకుండానే ఇదంతా జరుగుతుంది. ఆడిట్‌కు దొరికేది ఏమీ ఉండదు.

ఫైలు ఆపడంలో మరింత నేర్పు కావాలి. ఊరికే తొక్కిపెడితే పర్సనల్ రిజిస్టరులో పెండింగు కనిపిస్తుంది, తనిఖీలో పట్టుబడుతుంది. అందుకే ఆపదలచినవాడు ఫైలును కదుపుతూనే ఆపుతాడు. ఒక కొర్రీ వేసి కింది కార్యాలయానికి పంపుతాడు. జవాబు వచ్చాక ఇంకో కొర్రీ. రెండూ మొదటిసారే అడగవచ్చు, అడగడు. తర్వాత న్యాయశాఖ అభిప్రాయమనీ, ఆర్థికశాఖ సమ్మతి అనీ ఇంకా తిప్పవచ్చు. రిజిస్టరు చూస్తే పని చురుగ్గా సాగుతున్నట్టే ఉంటుంది. పాత మద్రాసు రాష్ట్రంనుంచి జిల్లా కార్యాలయాలకు వచ్చిన టోటెన్‌హామ్ పద్ధతిలో ముగిసిన ఫైళ్లకు ఆర్.డిస్, డి.డిస్, ఎల్.డిస్ అని తరగతులున్నాయి. ఎంతకాలం భద్రపరచాలన్నది ఆ తరగతినిబట్టి ఉంటుంది. ఎల్లకాలం ఉండవలసిన కాగితాన్ని త్వరగా చింపేసే ఎల్.డిస్ కింద మూసేస్తే, కొన్నేళ్లకు ఆ కాగితం అడిగినవాడికి ‘నిబంధనల ప్రకారం నాశనం చేయడమైనది’ అన్న జవాబు చట్టబద్ధంగానే వస్తుంది. అధికారి పక్కనుంచి కూడా ఇలాంటి ఉపాయం ఒకటుంది. నోటు చివర ‘చర్చించండి’ అని రాసి ఫైలు వెనక్కి పంపుతాడు. చర్చ నాలుగు గోడల మధ్య జరుగుతుంది. తిరిగి వచ్చే నోటు వేరే రంగులో ఉంటుంది, ఎందుకు మారిందో ఎక్కడా ఉండదు.

ఫైలు తర్వాత తలుపు. అధికారిని ఎవరు కలవాలో, ఏ ఫోను లోపలికి కలపాలో, ఏ ఫైలు మధ్యాహ్నం భోజనం ముందు చూపించాలో, ఏది సాయంత్రం అలసటలో పెట్టాలో చూసుకునేది పేషీ, క్యాంపు క్లర్కు, ప్రైవేటు సెక్రటరీ. పేషీలో పనిచేసేవారికి ఉత్తర్వు ఇచ్చే అధికారం రవ్వంత కూడా ఉండదు. ‘సారు మూడ్ బాగాలేదు, రేపు రండి’ అనగలగడమే వారి అధికారం. మంత్రుల పేషీల్లో డిప్యుటేషన్ కోసం అంత పోటీ ఉండటానికి కారణం జీతం కాదు.

తలుపు దగ్గర కూర్చున్న గుమాస్తా ఎంతదాకా పోగలడో చెప్పడానికి ప్రపంచ చరిత్రలో స్టాలిన్‌ను మించిన ఉదాహరణ లేదు. 1922 ఏప్రిల్ 3న ఆయనను పార్టీ ప్రధాన కార్యదర్శిని చేసినప్పుడు అది గ్లామర్ లేని రాతకోతల పదవి. ఉపన్యాసాలు ట్రాట్‌స్కీవి, సిద్ధాంతం బుఖారిన్‌ది, కాగితాలు స్టాలిన్‌వి. కార్డు పెట్టెలు తిరగేసే కామ్రేడ్ అని ఆయనను ఎగతాళి చేసినవారున్నారు. ఆ కార్డులమీద ఉన్నవి కార్యకర్తల పేర్లు, వారి పాత పనులు, వారి బలహీనతలు. ఏ రాష్ట్రానికి ఎవరు కార్యదర్శిగా వెళ్లాలో సచివాలయం నిర్ణయించేది. అలా వెళ్లినవారు పార్టీ మహాసభకు ప్రతినిధులను ఎంపిక చేయించేవారు. ఆ మహాసభ కేంద్ర కమిటీని ఎన్నుకునేది, కేంద్ర కమిటీ సచివాలయాన్ని నియమించేది. ఈ గుండ్రటి దారి పూర్తయ్యాక బయటివాడికి లోపలికి రావడానికి సందు లేకపోయింది. అదే ఏడాది డిసెంబరులో లెనిన్ ప్రమాదాన్ని గుర్తించి లేఖ చెప్పి రాయించాడు, 1923 జనవరి మొదట్లో ఆయనను ఆ పదవినుంచి తప్పించాలని కూడా చేర్చాడు. అప్పటికే ఆలస్యమైంది.

పొగడ్త సంగతి వేరు. కాకా పట్టడాన్ని అందరూ ఈసడిస్తారు, అందరూ ఎంతో కొంత దానికి లొంగుతారు. ఎడ్వర్డ్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1964లో దీనిమీద ఒక పుస్తకమే రాశాడు. ఎదుటివాణ్ణి మెచ్చుకోవడం, అతని అభిప్రాయాలకు తలూపడం, చిన్నచిన్న సాయాలు చేయడం, తన గురించి మంచిగా కనబరచుకోవడం అని దారులు గుర్తించాడు. ఇందులో ఒక చిక్కు ఉందని కూడా ఆయనే చూపాడు. ఎవరికి అధికారితో ఎక్కువ అవసరం ఉందో వారి పొగడ్తే ఎక్కువ అనుమానం రేపుతుంది. అందుకని పని తెలిసినవాడు నేరుగా పొగడడు. పెద్దాయనకు చేరవేసే మనిషి ముందు పొగుడుతాడు, లేదా చిన్న విషయంలో విభేదించి పెద్ద విషయంలో ఒప్పుకుంటాడు. తర్వాత జరిగిన ప్రయోగాల్లో తేలిన మరో సంగతి కార్యాలయాల్లో రోజూ కనిపించేదే. పక్కన చూస్తున్నవారికి రోత పుట్టించే పొగడ్త, అందుకుంటున్నవారికి మాత్రం సహజంగానే తోస్తుంది. అడుగులకు మడుగులొత్తేవాడు సెక్షనంతటికీ తెలిసిపోయినా ఆఫీసరుకు తెలియకపోవడంలో వింతేమీ లేదు.

వర్గాల గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. బ్యాచ్, జిల్లా, కులం, చదివిన కళాశాల, సంఘం, ఒకే వాకింగ్ ట్రాక్, ఏ ముడిసరుకుతోనైనా కోటరీ తయారవుతుంది. దానికి కావలసింది ఉమ్మడి ఇష్టంకంటే ఉమ్మడి భయం. పదోన్నతుల కమిటీ (డీపీసీ) దగ్గరపడినప్పుడు, సీనియారిటీ జాబితామీద అభ్యంతరాలు పిలిచినప్పుడు కోటరీలు గట్టిపడతాయి, ప్యానెల్ విడుదలయ్యాక సడలుతాయి. ఉద్యోగులు మరీ ఒక్కటైనా, మరీ కలహించినా రాజుకు ముప్పేనన్న ఎరుక అర్థశాస్త్రంలోనే ఉంది. కలిస్తే ఖజానా పోతుంది, విడిపోతే పని పోతుంది అన్నది కౌటిల్యుడి బెంగ. అందుకే అధికారులను తరచూ మార్చాలన్నాడు. ఆ మందు నేటికీ వాడుకలో ఉంది. దానివల్ల వచ్చే జబ్బు పైన చెప్పిన మానసిక వైద్యశాల వార్డులో కనిపించింది.

ఈ విద్య వల్ల నిజంగా పైకి వస్తారా? దీనికి అంకెలతో జవాబు చెప్పినవాడు ఫ్రెడ్ లూథాన్స్. ఆయన, ఆయన సహచరులు నాలుగేళ్లపాటు 450మందికి పైగా మేనేజర్లను పరిశీలించి 1988లో ఫలితాలు ప్రచురించారు. తొందరగా పదోన్నతులు పొందినవారిని ‘విజయవంతులు’ అనీ, తమ విభాగంలో పని బాగా జరిగి, కింది ఉద్యోగులు తృప్తిగా ఉన్నవారిని ‘సమర్థులు’ అనీ వేరు చేశారు. విజయవంతుల సమయంలో 48 శాతం పరిచయాలు పెంచుకోవడానికి, బయటివారితో మెలగడానికి, లోపలి రాజకీయానికి పోయింది. సమర్థులు వీటికి ఇచ్చింది 11 శాతం. సమర్థుల సమయంలో 44 శాతం రోజువారీ సమాచార వినిమయానికి, 26 శాతం మనుషులను తీర్చిదిద్దడానికి ఖర్చయింది, రెండో పనికి విజయవంతులు కేటాయించింది 11 శాతమే. రెండు జాబితాల్లోనూ పై మూడోవంతులో నిలిచినవారు పదిశాతం కూడా లేరు. అంటే సంస్థ ఎవరిని పైకి తెస్తోందో, సంస్థ ఎవరివల్ల నడుస్తోందో ఆ ఇద్దరూ చాలావరకు వేర్వేరు మనుషులు.

ఈ ఫలితాన్ని పట్టుకుని రాజకీయ నేర్పు ఉన్నవాళ్లందరూ పనికిమాలినవారని తీర్మానించడం తొందరపాటు. జెరాల్డ్ ఫెరిస్ బృందం 2005లో ఈ నేర్పును కొలవడానికి 18 ప్రశ్నల పట్టిక తయారుచేసింది. ఎదుటివారి మనసు చదవడం, నొప్పించకుండా ఒప్పించడం, పరిచయాలు కూడగట్టుకోవడం, నిజాయితీగా కనిపించడం అన్నవి అందులో నాలుగు పాళ్లు. కొత్త పథకానికి ఆర్థికశాఖను ఒప్పించవలసిన అధికారికి ఇవన్నీ కావాలి. నాలుగోది మాత్రం కొంచెం ఆలోచింపజేస్తుంది. ఆ పట్టిక కొలిచేది నిజాయితీని కాదు, అది ఉన్నట్టు ఎదుటివారికి అనిపించడాన్ని.

సందు ఎక్కడుందో రాజకీయం అక్కడ ఉంటుందన్నదానికి భారత ప్రభుత్వ సర్వీసుల్లో చాలాకాలం పెద్ద నిదర్శనం వార్షిక రహస్య నివేదిక, వాడుకలో సీఆర్. పై అధికారి ఏడాదికొకసారి రాసే ఆ నాలుగు మాటలు ఉద్యోగి పదోన్నతిని తేల్చేవి. చెడ్డగా రాస్తేనే ఉద్యోగికి తెలియజేసేవారు. బోర్డర్ రోడ్స్‌లో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా పనిచేసిన దేవ్ దత్‌కు 1993-94 సంవత్సరానికి ‘గుడ్’ అని వచ్చింది. ‘గుడ్’ చెడ్డమాట కాదు కాబట్టి ఆయనకు చెప్పలేదు. కానీ సూపరింటెండింగ్ ఇంజనీరు పదోన్నతికి వరుసగా అయిదేళ్లూ ‘వెరీ గుడ్’ ఉండాలి. ఆయన ఆగిపోయాడు, జూనియర్లు పైకి వెళ్లారు. ఇందులో ఎవరైనా కుట్ర చేశారని చెప్పనవసరం లేదు. కుట్ర చేయదలచినవాడికి మాత్రం ఇంతకన్నా అనువైన ఏర్పాటు ఉండదు, మెచ్చుకుంటూనే గొంతు కోయవచ్చు. ఆయన రిటైరయ్యాక 2008 మేలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. మంచిదైనా చెడ్డదైనా ప్రతి గ్రేడింగునూ ఉద్యోగికి తెలియజేయాలని కోర్టు చెప్పింది. ఏడాది తర్వాత, అంటే 2009 మే 14న, కేంద్రం నివేదిక మొత్తాన్ని ఉద్యోగికి చూపించాలనీ, అభ్యంతరం చెప్పుకోవడానికి 15 రోజులు ఇవ్వాలనీ ఉత్తర్వు ఇచ్చింది. మాటల స్థానంలో 1నుంచి 10దాకా అంకెలు వచ్చాయి.

తర్వాత ఏమైంది? రాసింది ఉద్యోగి చూస్తాడని తెలిశాక తక్కువ మార్కు వేయడానికి అధికారులు వెనకాడారు. అంకెలన్నీ తొమ్మిది చుట్టూ గుమిగూడాయి. అందరికీ తొమ్మిది వస్తే ఎంపికకు తొమ్మిది పనికిరాదు. అఖిల భారత సర్వీసుల వారిని కేంద్రంలో ఉన్నత పదవులకు ఎంప్యానెల్ చేసేటప్పుడు పైవారిని, తోటివారిని, కిందివారిని నోటిమాటగా వాకబు చేసే పద్ధతి ప్రవేశించింది. ఎవరు ఏం చెప్పారో ఆ అధికారికి తెలియదు. ఈ పద్ధతిలో పారదర్శకత లేదని 2017లో పార్లమెంటు స్థాయీ సంఘం ఆక్షేపించింది. కాగితంమీద మూసేసిన తలుపు నోటిమాటకు తెరుచుకుంది.

ప్రైవేటు రంగం దీనికి అతీతం కాదు. జనరల్ ఎలక్ట్రిక్ అధిపతిగా జాక్ వెల్చ్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఉద్యోగులను 20, 70, 10 శాతాలుగా విడగొట్టేది. అట్టడుగు పది శాతం ఎంత పనిచేసినా అట్టడుగే. హైదరాబాదు ఐటీ ఉద్యోగులకు బెల్ కర్వ్ పేరుతో ఇది బాగా పరిచయం. అప్రైజల్ సీజన్‌లో మేనేజర్లందరూ గదిలో కూర్చుని తలా ఒకరిని కిందికి దించవలసి వస్తే, తనవాణ్ణి కాపాడుకోవడానికి మరొకరివాణ్ణి అప్పజెప్పే బేరాలు తప్పవు. తెలివైనవాడు తెలివైనవారి టీములో చేరడానికి ఇష్టపడడు, అక్కడ తాను కిందికి పడే అవకాశం ఎక్కువ. ఆన్‌సైట్ ఎవరికి, బెంచ్‌మీద ఎవరు అన్న నిర్ణయాలకూ ఈ మార్కులే మూలం కాబట్టి పక్కసీటువాడికి కోడ్‌లో చిక్కు విప్పిచెప్పడం కూడా నష్టంగా తోస్తుంది. మైక్రోసాఫ్ట్ ఇలాంటి పద్ధతిని 2013 నవంబరులో వదిలేసింది. మూడు నెలలకు హైదరాబాదువాడైన సత్య నాదెళ్ల ఆ సంస్థ పగ్గాలు చేపట్టాడు. ఇతరుల పనికి ఎంత తోడ్పడ్డారన్నది కూడా అక్కడ లెక్కలోకి రావడం మొదలైంది.

బదిలీల విషయంలో రెండు తెలుగు రాష్ట్రాల అనుభవం ప్రత్యేకంగా చూడదగ్గది. ఉపాధ్యాయ బదిలీ ఒకప్పుడు పూర్తిగా పైరవీ వ్యవహారం. శాసనసభ్యుడి సిఫారసు లేఖ, మంత్రి పేషీ, డీఈఓ కార్యాలయంలో తెలిసిన సీనియర్ అసిస్టెంటు, ఈ మూడూ కుదిరితే పట్టణం, లేకపోతే బస్సు పోని ఊరు. కౌన్సెలింగ్ వచ్చాక ఖాళీలు ముందే ప్రకటిస్తున్నారు, మారుమూల ఊళ్లో పనిచేసిన ఏళ్లకు ఎక్కువ పాయింట్లు, భార్యాభర్తలకు పాయింట్లు, సీనియారిటీకి పాయింట్లు ఇచ్చి వరుస తేలుస్తున్నారు. ఇప్పుడు అదీ వెబ్ ద్వారానే. పక్కవాడి పాయింట్లు అందరికీ కనిపిస్తాయి కాబట్టి అన్యాయం జరిగితే నిలదీయవచ్చు. వేలమంది ఉన్న క్యాడరులో పలుకుబడిని ఇంతగా తగ్గించిన సంస్కరణ మరొకటి దొరకదు. అయినా చిల్లులు లేకపోలేదు. జబ్బుల ప్రాధాన్య కేటగిరీ ఉంది గనుక మెడికల్ సర్టిఫికెట్లమీద ఆరోపణలు వచ్చాయి. కౌన్సెలింగ్‌తో సంబంధం లేకుండా ప్రభుత్వం నేరుగా ఇచ్చే బదిలీ ఉత్తర్వులమీద సంఘాల ఆందోళన ఇంకో చిల్లు.

భూమి రికార్డుల్లో ఈ జరుగుబాటు ఇంకా స్పష్టం. తెలంగాణ ప్రభుత్వం 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల పదవులను రద్దు చేసి, ఆ అక్టోబరు 29న ధరణి పోర్టల్ ప్రారంభించింది. రిజిస్ట్రేషను అయిన వెంటనే మ్యుటేషన్ జరిగిపోతుంది, మధ్యలో ఎవరి చేయీ తడపనక్కరలేదు. తప్పుల్లేని ఖాతాకు ఇది నిజంగానే మేలు చేసింది. కానీ విస్తీర్ణంలో తప్పో, పేరులో తప్పో, నిషేధిత జాబితాలో పొరపాటున చేరిన సర్వే నంబరో ఉంటే సరిచేసే దారి పైకి, చాలావరకు కలెక్టరు లాగిన్‌దాకా పోయింది. ఊళ్లో ఉండే పలుకుబడి జిల్లా కేంద్రానికి మారింది, రైతుకు ప్రయాణం పెరిగింది. 2025లో వచ్చిన భూభారతి చట్టం సవరణ అధికారాలను కింది స్థాయులకు పంచి, అప్పీలుకు దారి పెట్టింది.

చట్టం ఈ వ్యవహారాన్ని నేరుగా ఎదుర్కొన్న సందర్భాలు తక్కువ. సర్వీసు విషయాల్లో రాజకీయ ఒత్తిడి గాని, బయటి ఒత్తిడి గాని పై అధికారిమీద తేకూడదని 1964 నాటి కేంద్ర ప్రవర్తనా నియమావళి 20వ నియమం చెబుతుంది. సిఫారసు లేఖలు ఆగలేదు. 2005 సమాచార హక్కు చట్టం వచ్చాక నోటు ఫైలులో ఎవరు ఏం రాశారో చూసే వీలు కలిగింది. ఈ-ఆఫీసు రావడంతో ఫైలు ఎవరి దగ్గర ఎన్ని రోజులు ఆగిందో గంటలతో సహా నమోదవుతోంది. దాంతో రాయదలచుకోనిది ఫోనుకూ వాట్సాప్‌కూ చేరింది. మాజీ క్యాబినెట్ కార్యదర్శి టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్ సహా 83మంది విశ్రాంత అధికారులు వేసిన పిటిషన్‌మీద 2013 అక్టోబరు 31న సుప్రీంకోర్టు సరిగ్గా ఈ చోటునే పట్టుకుంది. బదిలీలకు సివిల్ సర్వీసెస్ బోర్డులు ఉండాలనీ, ఒక పోస్టులో కనీస కాలం నిర్ణయించాలనీ, నోటిమాటగా వచ్చిన ఆదేశాలను అధికారులు కాగితంమీద నమోదు చేయాలనీ ఆదేశించింది. అఖిల భారత సర్వీసుల నియమాల్లో ఈ చివరి మాట అంతకుముందునుంచే ఉంది. నోటి ఆదేశం ఇచ్చిన అధికారి దాన్ని తర్వాత రాతపూర్వకంగా ధ్రువీకరించాలి. ఆచరణలో ఆ ధ్రువీకరణ అడగవలసినవాడు కింది అధికారి. అడిగినవాడు ప్రాధాన్యం లేని లూప్‌లైన్ పోస్టుకు పోయే అవకాశం ఉంది, అడగనివాడు రేపు విచారణ వస్తే ఒంటరిగా నిలబడవలసి ఉంటుంది. చాలామంది మధ్యేమార్గంగా నోటులో ‘ఫోనులో ఆదేశించిన మేరకు’ అని ఒక ముక్క రాసి ఫైలు పైకి పంపుతున్నారు. పై అధికారి ఆ ముక్కను కొట్టేయకుండా సంతకం పెడితే ఆదేశం తనదేనని ఒప్పుకున్నట్టు లెక్క. ‘చర్చించండి’ అని రాసి వెనక్కి పంపితే ఆ ముక్క లేకుండా నోటు మళ్లీ రాయాలి.